సాంచాలు బంద్ పెట్టకుండ్రి

వాసంతీ,

నీ కూతురు క్షేమంగానే ఉంది. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఈ కార్డు. మహిత చేతిమీద పళ్లు దిగిన మాట నిజమే. దవాఖానలో సూది వేయించాను, మానుతోంది. అంతమాత్రానికే ఉద్యోగం మాన్పించి భివండీ తీసుకుపోతానంటే ఎట్లా?

కరిచిన పండరికి ఇరవై ఏళ్లు, మాటలు రావు. తల గోడకేసి కొట్టుకుంటాడు. ఇలాంటివాళ్ల ఇళ్లకు వెళ్లి, ఎందుకో కనిపెట్టి మాన్పించడమే మహిత ఉద్యోగం. మన పిల్ల వాళ్ల గడప తొక్కగానే వాడు రెచ్చిపోయేవాడు. "వానికి నువ్వంటే పడ్తలేదు బిడ్డా, ఇగ రాకు" అంది తల్లి సమ్మమ్మ. తీరా చూస్తే, మేడం వచ్చిందని మర్యాదకు వీళ్లే ఇంట్లో పవర్‌లూమ్ సాంచాలు ఆపేస్తున్నారు! ఆ చప్పుడులోనే పెరిగినవాడు, అది ఆగితే తట్టుకోలేడు. కరెంటు పోయినా అంతేనట.

"బంద్ పెట్టకుండ్రి" అని మహిత ఎంత మొత్తుకున్నా, "మంచిగుండది మేడం" అంటాడు తండ్రి ఎల్లస్వామి. చివరికి నేనే వెళ్లాను. "నీ మర్యాద పాడుగాను, సాంచాలు నడవనియ్యి!" అన్నాను. మొన్న పండరి మహిత చెయ్యి పట్టి లాక్కెళ్లి, సాంచా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కరెంటు పోతే ఏం చేయాలో ఇప్పుడు వాడికి నేర్పుతోంది. ఆ మోతలో అరిచి అరిచి దాని గొంతు పోయింది, నీ ఫోన్ ఎత్తనిది అందుకే.

అల్లుడు మోకాలికి నూనె రాస్తున్నాడా, సీసాను అలంకారానికి పెట్టాడా? ఈసారి చింతపండు పంపనా?

దాన్ని తీసుకుపోవడానికైతే టికెట్ కాన్సిల్ చేసుకో. చూడ్డానికైతే రా, సమ్మమ్మ ఇంటికి తీసుకెళ్తాను. అక్కడ నువ్వెంత ఏడ్చినా ఎవరికీ వినబడదు.

ఇద్దరూ చల్లగా ఉండండి.

అమ్మ