ముఖం తెలియని ఆ ఒక్కడు

ఫార్చ్యూన్ బే, న్యూఫౌండ్లాండ్
నవంబరు, 1887

ఆంబ్రోజ్ అన్నయ్యా,

నీ దీపస్తంభం కింద రాళ్లకు కొట్టుకుని ఓడ బద్దలైందనీ, ఒడ్డుకు చేరిన శవాల్లో మా ఆయన ఎలియాబ్ లేడనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. ముఖం ఆనవాలు పట్టలేని ఒకడున్నాడనీ, ఎర్రజుట్టు కనుక ఎలియాబ్ కాడనీ రాశావు.

అత్త ఆశ చంపుకోవడం లేదు. రోజూ కొడుక్కి కంచం పెట్టి చేప వడ్డిస్తోంది. నిన్న నడుములోతు సముద్రంలోకి వెళ్లిపోయింది. జుట్టు పట్టుకుని లాగాను.

"వదలవే! శవం దొరకలేదంటే బతికున్నట్టేగా! వాడలా అరుస్తుంటే నీకు చెవుల్లేవా?" అని నన్ను కొట్టింది.

మళ్లీ వెళ్తే ఆపలేను. ఏడో నెల కడుపుతో ఉన్నాను.

అన్నయ్యా, ఆ ఎర్రజుట్టువాణ్ణి ఎలియాబ్ పేరుతో పూడ్చు. శిలువ మీద ఆ పేరే చెక్కించు. నీ కాళ్లు పట్టుకుంటాను, కాదనకు. దారి తెరుచుకోగానే అత్తను తీసుకొస్తాను. ఆ ఎర్రజుట్టువాడికీ ఎక్కడో తల్లి ఉంటుంది. ఆమెకు నేను చేస్తున్నది ద్రోహమే. ఆ మట్టి దగ్గర అత్త తన కొడుకు కోసం ఏడుస్తుంది. ఆ తల్లి బదులు నేను ఏడుస్తాను.

నీ చెల్లెలు