అందరి ‘ఎన్’

హాలియా, శనివారం, 1968

కోపం ఇంకా దిగలేదు. కాల్వ నీళ్ల పంపకం లెక్క ప్రోగ్రాం నేను, నాతోని పనిచేసే మూర్తి కలిసి రాసినం. మొత్తం పద్నాలుగు కాల్వలు. ఆ సంఖ్యను ‘ఎన్’ అనే పేరుల పెట్టి, ప్రోగ్రాంల అన్ని భాగాలకు అందేటట్టు చేసిన. "గీ ఎన్ అందరిది. నీ లెక్కకు వేరే పేరు పెట్టుకో" అని మూర్తికి రెండుసార్లు చెప్పిన. అయినా వాడు తన భాగంల తూములు లెక్కపెట్టెతందుకు గదే ఎన్ వాడిండు. ఎన్‌ల పద్నాలుగు పోయి వాని తూముల లెక్క ఆరు పడ్డది. ఆరో కాల్వ కాంగనే పని అయిపోయిందనుకొని ప్రోగ్రాం ఆగింది.

హైదరాబాద్ కంప్యూటర్ల అచ్చైన కాయితంల ఆరు కాల్వలే ఉన్నయని చివరి ఎనిమిది కాల్వలు మూడు దినాలు బందు పెట్టిన్రు. ఇయ్యాల ప్రోగ్రాం కొట్టిన కార్డులన్నీ ఒక్కొక్కటే చూసి తప్పు పట్టుకున్న. చూపిస్తే మూర్తి నవ్విండు.

"ఒక్క అక్షరానికి ఇంత గోలేంటయ్యా?"

కార్డుల కట్ట వాని మేజ మీదికి ఇసిరికొట్టిన.

నా మీద గూడ మండుతాంది. అందరు ముట్టుకునేదానికి గంత పొట్టి పేరు ఎందుకు పెట్టిన? ‘కాల్వ’ అనే పెడితే వాడు దాని జోలికి పోకపోతుండె. అచ్చైనంక వరుసలన్న లెక్కపెట్టలేదు నేను.

మా నారుమడి పదో కాల్వ కింద. పొద్దుమీకి ఇంటికి పోయేసరికి నారంత ఎర్రబారింది. బాపు గట్టు మీద నిలవడి ఉన్నడు.

"నీళ్లు ఎవడు బందు పెట్టిండురా? మీ ఆఫీసుల అడుగు."

అడుగుత అన్న.