చిక్కు విప్పినవారికే గాలం

చెరువు పడవల ఆఫీసు మేనేజరు గారికి,

కత్తెర పక్కన పెట్టి మరీ చేస్తున్న నమస్కారాలు. నేను మూలవీధిలో కుట్టు దుకాణం నడుపుతాను. అందరూ టైలరమ్మ అంటారు, మీరూ అలాగే అనండి.

మీ చెరువులో చేపలు పట్టడం నేర్పే గైడులు ఉంటారని జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినావిడ చెప్పింది. వచ్చే నెల రెండో ఆదివారం మేం ఐదుగురం వస్తాం. నేను, మా ఆయన, అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ల మనవరాలు. గాలం ఏ వైపు పట్టుకోవాలో ఐదుగురిలో ఒక్కరికీ తెలియదు. అందుకని ఓర్పున్న గైడు కావాలి. చేపలు పడకపోయినా ఫర్వాలేదు, గైడు మాత్రం కసురుకోకూడదు.

ఎందుకో చెబుతాను. మా ఆయన ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపి మొన్ననే రిటైరయ్యారు. మనిషి మంచివారే గానీ, ఎవరైనా ఏదైనా నేర్చుకుంటుంటే చూడలేరు. ఏడు నెలల కిందట అల్లుడికి కారు నేర్పుతానని తీసుకెళ్లి, మూడో రోజు సగం దారిలో దింపేసి, "నీకు కాళ్లే నయం, నడిచి రా" అన్నారు. అల్లుడు నాలుగు మైళ్లు నడిచి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన ఎడ్డెమంటే ఇతను తెడ్డెమనడానికి కూడా లేదు, అసలు మాటలే లేవు. మా అమ్మాయి తేల్చి చెప్పేసింది: ఆ ఆదివారం నాన్న తగ్గి మాట్లాడితే సరే, లేకపోతే సెలవులకి పిల్లని తీసుకుని రాదట. మనవరాలు రాని సెలవులు నాకెందుకు చెప్పండి.

మా ఇంట్లో ఓర్పంటూ ఉన్నది నాకొక్కదానికే. ఇన్నేళ్లూ దాన్నే అందరికీ సరిపెడుతున్నాను. ఈసారి పడవలో ఇంకొకరి ఓర్పు కూడా తోడైతే గట్టెక్కుతామని ఆశ.

ఇట్లు,
టైలరమ్మ

తా.క. పడవలోంచి దింపేస్తే నడిచి రావడానికి కూడా ఉండదు కదా, అదీ నా భయం.

ఇంకో తా.క. ఉత్తరంతో పాటు చిన్న పొట్లం పంపుతున్నాను. మీ గైడులకి ఇచ్చి, ఎవరు ఏం చేశారో రాయండి.

*

టైలరమ్మ గారికి,

చెరువు గట్టు నుంచి మేనేజరు నమస్కారాలు. మీ ఉత్తరం, పొట్లంలోని దారపు ఉండ రెండూ అందాయి.

దారం గైడులకి చూపించాను. ముగ్గురిదీ ఒకటే మాట: ఇది చేపకి ఆగదు. మీరు సొంత దారం తెచ్చుకోనక్కర్లేదమ్మా, గాలం, ఎర, నైలాను దారం అన్నీ మేమే ఇస్తాం. పైగా మీరు పంపింది పూర్తిగా చిక్కుపడి ఉంది. పంపేటప్పుడు చూసుకోలేదేమో.

ఇక గైడుల సంగతి. పెద్దాయన అనుభవం ఉన్న మనిషి. మీసాలాయన దిట్ట, పోయిన వారం ఒక్క రోజులో నలభై చేపలు పట్టించాడు. మూడో ఆయన్ని నిదానం అని పిలుస్తాం. ఆయనతో వెళ్లినవాళ్లు భోజనం వేళకి గానీ మొదటి గాలం వేయరు, అందుకని ఆయన పేరు నేనెవరికీ చెప్పను. మీకు మీసాలాయన్ని రాసుకున్నాను.

ఇట్లు,
మేనేజరు

తా.క. దారం వృథా పోలేదు. ముక్కలుగా కత్తిరించి నా రిజిస్టర్లన్నీ కట్టుకున్నాను. గట్టి దారం.

*

మేనేజరు గారికి,

నమస్కారం పెడుతున్నాను గానీ, మనసులో అంత లేదు.

అది గాలానికి పంపిన దారం కాదండీ, పరీక్ష. మా దుకాణంలో ఎవరైనా పనికి వస్తే మొదట వాళ్ల చేతిలో చిక్కుపడ్డ దారపు ఉండ పెడతాను. కత్తిరించకుండా, తిట్టుకోకుండా విప్పినవాళ్లకే కుట్టుమిషను. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు కాబట్టి మీకూ తెలుసనుకున్నాను, అది నా పొరపాటు. కత్తిరించడం మాత్రం మీదే.

మీసాలాయన ఒక్క రోజులో నలభై చేపలు పట్టించాడంటే అతనికి తొందరెక్కువ అని అర్థం. నాకు వద్దు.

ఇంకో ఉండ పంపుతున్నాను. దీనికి చిక్కు వేసింది మా మనవరాలు, కాబట్టి మొదటిదానికి ఇది నాలుగింతలు. దయచేసి ముగ్గురి చేతా విడివిడిగా చేయించండి. మీరు పక్కన కూర్చుని చూడండి. మీరు మాత్రం ముట్టుకోవద్దు.

ఇట్లు,
టైలరమ్మ

తా.క. ఈ ఉత్తరం రాస్తుంటే నాకెంత కోపం వచ్చిందో మీకు తెలియకూడదని రెండుసార్లు చింపి రాశాను. ఓర్పంటే అదీ.

*

టైలరమ్మ గారికి,

చేతులు కట్టుకుని నమస్కారం చేయడం కుదరదు గానీ, మీరు చెప్పినట్టు చేతులు కట్టుకునే కూర్చున్నాను. ఫలితాలు ఇవి.

మీసాలాయన సరిగ్గా పదకొండు నిమిషాలు కూర్చున్నాడు. పన్నెండో నిమిషంలో ఉండని చెరువులోకి విసిరాడు. అది మీ సొత్తు కాబట్టి పడవ వేసుకుని వెళ్లి వల వేసి తీయించాను. ఆ వలలో రెండు చేపలు కూడా పడ్డాయి, చూశారా నా దెబ్బ అంటున్నాడు.

పెద్దాయన రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఎంత ఓర్పో అని ముచ్చటపడి దగ్గరికి వెళ్లి చూస్తే నిద్రపోతున్నాడు.

నిదానం మూడు రోజులు తీసుకున్నాడు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఒక్క ముక్క తెగలేదు, ఒక్క మాట జారలేదు. చివరికి దారాన్ని నా పెన్సిలుకి చుట్టి ఇచ్చాడు, పెన్సిలుతో సహా పంపుతున్నాను.

అయితే ఆయన కూడా ఒక షరతు పెట్టాడు. "కొత్తవాళ్లు గాలం విసిరితే దారం చిక్కుపడుతుంది. ఆ చిక్కు విప్పడానికే నా రోజంతా పోతుంది. ఒక్కసారి వాళ్లంతట వాళ్లు విప్పితే, ఆ తర్వాత చూసుకుని విసురుతారు. నాతో వచ్చేవాళ్లందరికీ ముందు ఇదే పని" అంటున్నాడు. పొట్లంలో నైలాను ఉండ ఉంది. మీ ఇంట్లో ఎవరు విప్పినా సరే, నిదానం మీవాడు.

ఇట్లు,
మేనేజరు

తా.క. మీ దుకాణంలో పని ఖాళీ ఉందా అని నిదానం అడుగుతున్నాడు. దయచేసి లేదని రాయండి.

*

మేనేజరు గారికి,

అలసిపోయిన వేళ్లతో నమస్కారాలు.

నైలాను ఉండ విప్పాం. ఎలా విప్పామో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మొదట నేనే కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా దారాలతో వేగుతున్న చెయ్యి కదా, ఇదెంత అనుకున్నాను. మేనేజరు గారూ, నైలాను మాట వినదండీ. ఒకచోట విప్పితే మూడుచోట్ల ముడి పడుతుంది. రెండు గంటలయ్యాక కత్తెర కోసం చెయ్యి చాపిన మాట నిజమే, పదును ఎలా ఉందో చూద్దామని. మా ఆయన అది చూసి కత్తెర లాక్కున్నారు. "కోసేస్తే ఇక దేనికి పనికొస్తుంది" అని తను ముందు వేసుకుని కూర్చున్నారు. బస్సులో హారన్ మీంచి చెయ్యి తీయని మనిషి, గంటసేపు గుడ్లప్పగించి ఆ ఉండ వైపే చూశారు.

మర్నాడు అల్లుడు మనవరాలిని దిగబెట్టడానికి వచ్చాడు. ఎప్పటిలాగే గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లబోయాడు. మా ఆయన తల ఎత్తకుండా, "ఆ కొస పట్టుకో" అన్నారు. ఏడు నెలల తర్వాత మొదటి మాట. నేను వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అల్లుడు చెప్పులు విడిచి లోపలికి వచ్చి కొస పట్టుకున్నాడు. మూడు సాయంత్రాలు ఎదురెదురుగా కూర్చున్నారు. "పైనుంచి తీయి", "కిందనుంచి రానీ", ఇవే మాటలు. పనయ్యాక అల్లుడు లేచి వెళ్లిపోయాడు, మా ఆయన వెళ్లొస్తావా అని కూడా అనలేదు.

అమ్మాయికి చెబితే, "కొస పట్టుకోమనడం మాట్లాడటం కాదమ్మా, దింపేసినందుకు నాన్న ఒక్క మాట అనాలి" అంది. నిజమే. అందుచేత నా ఆశంతా ఆదివారం మీదే. నిదానానికి చెప్పండి, మా ఆయన ఏమన్నా పట్టించుకోవద్దని.

ఇట్లు,
టైలరమ్మ

తా.క. విప్పిన దారం గోడ మీద మేకుకి తగిలించాం. వచ్చినవాళ్లందరికీ మా ఆయన చూపిస్తున్నారు. అల్లుడి పేరు ఎత్తడం లేదు గానీ, "మేం విప్పాం" అంటున్నారు.

*

టైలరమ్మ గారికి,

బరువెక్కిన గుండెతో నమస్కారం.

నిన్న మీరంతా వెళ్లిపోయాక నిదానం పడవ కట్టేసి, టోపీ మేకుకి తగిలించి, "కొత్తవాళ్ల మీద అరిచాను. ఇక నేను ఈ పనికి పనికిరాను" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన గొంతు పెంచడం నేను వినలేదు. ఎవరి మీద అరిచావయ్యా అంటే చెప్పడు. ఇవాళ పనిలోకి రాలేదు.

ఆయన చెప్పాలా అమ్మా. మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు కదా. నిదానం లాంటి మనిషి చేత కూడా అరిపించారంటే మీ వారిని ఏమనాలో నాకు తెలియడం లేదు. ముప్ఫై ఏళ్లకు పైగా ఎలా వేగారమ్మా. ఓర్చినమ్మకు తేటనీరు అంటారు, మీ వాటాకి ఆ నీరు ఎప్పుడు తేటపడుతుందో. మీ అల్లుడు గారి సంగతి తలుచుకుంటే ఇంకా బాధగా ఉంది. సెలవులకి ఇక పాప రాదేమో అని మా ఆవిడ కూడా కళ్లు తుడుచుకుంది. మీ ఉత్తరాలన్నీ ఆవిడకి చదివి వినిపిస్తుంటాను, ఏమీ అనుకోకండి.

ఇలాంటిది మళ్లీ జరగకూడదని ఆఫీసు బయట బోర్డు పెట్టించాను: రిటైరైన డ్రైవర్లు పడవ ఎక్కరాదు.

ఇట్లు, మీ శ్రేయోభిలాషి,
మేనేజరు

తా.క. బోర్డు పెట్టిన గంటకే నలుగురు రిటైరైన డ్రైవర్లు వచ్చి గొడవకి దిగారు. వాళ్లలో ఒకాయన మా మామగారు.

*

మేనేజరు గారికి,

తల దించుకుని చేస్తున్న నమస్కారాలు.

ముందు ఆ బోర్డు తీయించండి. నిదానం అరిచింది మా ఆయన మీద కాదు. నా మీద.

ఉన్నదున్నట్టు రాస్తాను. నీళ్ల మీద తేలే బెండు మునిగితే చేప పట్టినట్టని నిదానం చెప్పాడు. అందరికన్నా ముందు నా బెండే కదిలింది. "ఆగండమ్మా, ఇంకా రుచి చూస్తోంది" అన్నాడు. రుచి చూడటానికి అదేమైనా విందుకొచ్చిందా అని లాగేశాను. చేప లేదు, ఎరా లేదు. ఇలా పదకొండుసార్లు. పదకొండుసార్లూ ఆ మహానుభావుడు ఎర గుచ్చి ఇచ్చి, ఆగండమ్మా అన్నాడు. పదకొండుసార్లూ నేను ఆగలేదు.

పన్నెండోసారి బెండు సగం మునిగింది. నేను లేచి నిలబడ్డాను. పడవ ఒరిగింది. మనవరాలు "అమ్మమ్మా, కూర్చో" అంది, అమ్మాయి చెయ్యి పట్టి లాగింది. నేను నిదానాన్ని "నీకు చేపలు పట్టించడం వచ్చా, వాటికి కాపలా కాయడం వచ్చా" అని అడిగి, గాలపు కర్రతో నీళ్లని నాలుగు బాదాను. అప్పుడు అరిచాడు, "కూర్చోవమ్మా, అందరినీ ముంచుతావా" అని. నా చేతులు వణికి కర్ర నీళ్లలో పడిపోయింది.

మా ఆయనే అన్నారు, మెల్లగా, "ఆవిడకి కొత్త బాబూ. నేర్చుకునేవాళ్ల మీద అరవకూడదు. చేతులు వణుకుతాయి, వచ్చింది కూడా మర్చిపోతారు."

అనేసి, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయారు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "ఆ రోజు నీ చేతులు కూడా వణికాయి కదూ" అన్నారు.

అల్లుడు, "వణికాయి మామయ్యా" అన్నాడు.

"చూశాను. చూసి కూడా దింపేశాను. తప్పు నాదేనయ్యా."

మా అమ్మాయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను గానీ, కర్ర పోయినందుకనుకుని మనవరాలు నన్ను ఓదార్చింది. ఆ తర్వాత మామా అల్లుళ్లు ఒకే కర్ర పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. ఒక్క చేపా పడలేదు, ఇద్దరి నోళ్లూ మూతపడలేదు. నాకు మాట్లాడే వంతు రాలేదంటే చూసుకోండి.

గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అనలేదు. ఇన్నాళ్లూ నాకున్నది ఓర్పనుకున్నాను. మిషను ముందు కూర్చుంటే బట్ట ఎదురు మాట్లాడదు కాబట్టి, నా ఓర్పెంతో నాకు తెలియలేదు.

నిదానం ఇంటికి నేనే వస్తాను, టోపీ నా చేతులతో ఇస్తాను. ఆయన అరవకపోతే మా ఇల్లు ఇలాగే ఉండిపోయేదని చెబుతాను.

అమ్మాయివాళ్లు సెలవులన్నీ మా ఇంట్లోనే ఉంటారు, ఒక్క రోజు కూడా తగ్గకుండా. వచ్చే ఆదివారం మళ్లీ చెరువుకి వస్తామంటున్నారు. షరతు మాత్రం మారింది. నాన్న పడవలో ఉండాలట, అమ్మ గట్టు మీద ఉండాలట.

ఇట్లు,
టైలరమ్మ

తా.క. నిదానానికి నా తరఫున ఇప్పుడే ఒక మాట చెప్పండి, తప్పంతా నాదేనని. చేపది కూడా కొంత ఉందనుకోండి.