పెట్టె అడుగున రోజ్‌వుడ్

మార్చి 12, మంగళవారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఈ డైరీ కొన్నది వార్నిష్ పాళ్ళు రాసుకోవడానికి. ఇందులో మనుషులకు చోటు లేదు. కానీ పొద్దున డాగ్నీ మా షెడ్డుకు వచ్చింది. రాసుకోకపోతే రేపటికి నేనే నమ్మను.

ఎనభై మూడేళ్ళ మనిషి. గాలికి తలుపు ఊగుతుంటే దాన్నే పట్టుకుని నిలబడి, ఏం పాలబ్బాయ్, నా పెట్టెలు రెండున్నాయి, చేస్తావా అంది. నాకు డెబ్భై రెండు. పాల ట్యాంకర్ దిగి పదిహేనేళ్ళయింది. అయినా ఆవిడ నోట నేను పాలబ్బాయినే. ఎస్కిల్ అని నాకో పేరుందని ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంట్లో పాటలు వినే స్పీకర్లు. 1974వి. ఆవిడ పనిచేసిన స్పీకర్ల ఫ్యాక్టరీలో తన చేతులతో తనకోసం చేసుకున్నవి. జూన్ ఒకటిన ఆవిడ వృద్ధుల ఫ్లాట్లకు మారుతోంది. ఒక గది, ఒక వంట మూల. సామానంతా పంచేసిందట. వెంట వెళ్ళేవి ఒక కుర్చీ, ఈ రెండు పెట్టెలు. చేతులు వణకకపోతే నీ దాకా తెచ్చేదాన్ని కాదు, గర్వపడకు అంది.

గర్వపడ్డాను.

మార్చి 14

1971లో ఆ ఫ్యాక్టరీలో వెనీర్ సెక్షన్‌కు పని అడగడానికి వెళ్ళాను. దుంగను కాగితంలా పల్చగా కోసిన పొరల్ని మామూలు చెక్క మీద అతికించే చోటు అది. డాగ్నీ ఆ సెక్షన్‌కు పెద్ద. కళ్ళు మూసుకోమంది. ఒక పలకను నా వేళ్ళ కిందకు తోసి అతుకు ఎక్కడుందో చెప్పమంది. రెండుసార్లు తడిమి, అతుకే లేదన్నాను. మూడున్నాయి, పోయి పాలబండి తోలుకో అంది.

తోలాను, ముప్పై మూడేళ్ళు. ఈ పని తర్వాత పుస్తకాలు చూసి, బోలెడు చెక్క పాడుచేసి, నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఆవిడ పెట్టెలు నా బల్ల మీద ఉన్నాయి.

ఎడమ పక్క నుంచి రోజ్‌వుడ్ చెక్క గీత పైకి ఎక్కి, మూల మలుపు తిరిగి, కుడిపక్కకు దిగుతుంది. ఎక్కడా తెగదు. రెండు పెట్టెల్నీ పక్కపక్కన పెడితే ఒకటి రెండోదాని అద్దం. గంటసేపు చూస్తూ కూర్చున్నాను. కాఫీ తెచ్చిన మా ఆవిడ థీరా, నలభై ఆరేళ్ళలో నన్నొక్కసారైనా అలా చూసిన పాపాన పోలేదు అంది.

మార్చి 27

ఈ దేశంలో స్పీకర్ కొన్న మర్నాడే దాని మీద పూలకుండీ పెడతారు. ఎందుకో నాకు తెలియదు. టీవీ మీద పెట్టరు, ఫ్రిజ్ మీద పెట్టరు. నేను బాగుచేసిన వంద పెట్టెల్లో ఎనభైకి నెత్తిన నల్లటి కుండీ మచ్చ ఉంది. ఒకాయన దానికి నీళ్ళు పోసి పోసి లోపల నాచు కూడా పెంచాడు.

డాగ్నీకీ ఉంది మచ్చ, ఎడమ పెట్టె మీద. నేను నవ్వితే, మా ఆయన పెట్టాడు, ఆయన పోయాడు, కుండీ పోయింది, ఇదొక్కటే మిగిలింది, గీకెయ్ అంది.

ఇంత గొప్ప స్పీకర్లలో ఆవిడ వినేది రేడియోలో సముద్రపు వాతావరణం. ఏ తీరాన ఎంత గాలి, ఎక్కడ వాన. ఆ చదివే మనిషి గొంతు చెక్కకు బాగా పడుతుందట.

ఏప్రిల్ 9, ఉదయం 11

కుండీ మచ్చ దాదాపు పోయింది. ఒక్క ఉంగరమంత నీడ మిగిలింది. ఇంకొక్కసారి ఉప్పుకాగితం వేస్తే సరిపోతుంది.

ఏప్రిల్ 9, ఉదయం 11:20

పొర తెగింది.

ఏప్రిల్ 10

నాణెమంత చోట రోజ్‌వుడ్ లేదు. కింద ఉన్న చిప్‌బోర్డు రంపపు పొట్టు రంగులో బయటపడింది. ఆ పొర మందం అర మిల్లీమీటరు చిల్లర. ఇంకొక్కసారి అన్న మాటకు అందులో చోటు లేదు. తెలిసీ చేశాను.

ఇలాంటి దుంగ ఇప్పుడు దొరకదు. ఆ చెట్టును కొట్టి అమ్మడం ఎప్పుడో ఆపేశారు. దొరికినా ఈ గీతలు దొరకవు. ఆవిడ వెంట వెళ్ళేవి మూడే వస్తువులు. అందులో ఒకదానికి నేను కన్నం పెట్టాను.

థీరాకు చెప్పాను. ఫోన్ చేసి నిజం చెప్పు, చంపదుగా అంది. నీకు డాగ్నీ తెలియదు అన్నాను.

ఏప్రిల్ 13

సన్న కుంచెతో గీతలు వేసి చూశాను. దూరం నుంచి బాగుంది. దగ్గరకొస్తే పచ్చబొట్టులా ఉంది. తుడిచేశాను.

ఫోన్ చెయ్యలేదు.

ఏప్రిల్ 20

రేడియో పెట్టి, ఆవిడ వినేదే, బల్ల శుభ్రం చేస్తూ ఎడమ పెట్టెను పక్కకు పడుకోబెట్టాను. అడుగు కనబడింది.

పెట్టెల అడుగున ఎవరూ రోజ్‌వుడ్ వెయ్యరు. నేల తప్ప చూసేవాళ్ళుండరు కనుక ఏదో చౌకరకం పొర వేసి ఊరుకుంటారు. ఇక్కడ ఉన్నది రోజ్‌వుడ్. పైన ఉన్న పొరకు చెల్లెలు, అదే దుంగలో దాని తర్వాత కోసిన పొర. అదే ముడి, అదే వంపు. పైన తెగిన చోటు ఏ మూల నుంచి ఎంత దూరమో, అడుగున అదే మూల నుంచి అంతే దూరం కొలిచాను. నేను పోగొట్టిన గీత అక్కడ ఉంది.

రెండో పెట్టె తిరగేశాను. అలాగే ఉంది.

ఒక మనిషి నేలకు చూపించడానికి ఇంత పని చేసింది. నేను టోపీ తీసి పక్కన పెట్టాను. షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి ఫరవాలేదు.

ఏప్రిల్ 23

తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెట్టాను. ఫ్యాక్టరీ జిగురైతే చచ్చినా వదలదు. ఇది ఐదు నిమిషాల్లో మెత్తబడి పొర లేచి వచ్చింది. తోలు ఉడికించి తీసే పాతకాలపు బంక. మిగతా పెట్టె అంతా కొత్త జిగురుతో అతికించి, అడుగుకు మాత్రం ఈ బంక ఎందుకు వాడిందో అర్థం కాలేదు.

పడవ ఆకారంలో ఒక ముక్క కోసుకున్నాను. తిన్నని అంచును కన్ను పట్టేస్తుంది, పడవ అంచు గీతల్లో కలిసిపోతుంది. అడుగున మిగిలిన గుంతకు బీచ్ చెట్టు తెల్లచెక్క ముక్క వేశాను. దొంగతనం చేసినట్టే ఉంది.

మే 8

నలభై ఐదేళ్ళు వెలుతురు చూడని ముక్క, పై పొర కంటే ఎర్రగా ఉంది. రెండు వారాలు కిటికీలో పెట్టాను. మా ఊరి ఏప్రిల్ ఎండను నమ్ముకుని పని చేసినవాడు నా కంటే ముందు ఎవడూ ఉండడు. అయినా రంగు దిగింది. ఇవాళ అతికించాను.

మే 13

నూనె పట్టించాను. ఎక్కడ అతికించానో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది. పాలబండి తోలినవాడి చేతులు ఇవి. కాసేపు వాటిని కూడా చూసుకున్నాను.

మే 24, శుక్రవారం

డాగ్నీ వచ్చింది. థీరా రూబార్బ్ కాడలతో కేక్ చేసింది. ఆవిడ దాని వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, వణికే వేళ్ళతో ఎడమ పెట్టె పైభాగమంతా తడిమింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు, మళ్ళీ వెనక్కి. నేను 1971లో నిలబడ్డట్టే నిలబడ్డాను.

తిరగెయ్ అంది.

తిరగేశాను. వేలు నేరుగా బీచ్ ముక్క మీదకు వెళ్ళి ఆగింది. మొత్తం చెప్పేశాను, ఇంకొక్కసారి అన్న దగ్గర్నుంచి, దాచిన ఆరు వారాల దాకా.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆ రోజ్‌వుడ్ అడుగున ఎందుకు వేశాననుకున్నావురా, అందానికా అంది. అప్పట్లో ఫోర్‌మన్ కూడా అడిగాడట, మంచి చెక్కను నేలకు ఎందుకు తగలేస్తున్నావని. ఏదో ఒక రోజు ఒక వెధవ ఇంకొక్కసారి అంటాడు, వాడికోసం అని చెప్పిందట. వాడి ఇస్త్రీపెట్టెకు ఊడిరావాలనే ఆ బంక. పని గంటలయ్యాక కూర్చుని, తన సెక్షన్ నుంచి వెళ్ళిన ప్రతి పెట్టెకూ అలాగే వేసిందట. ఎన్ని అని అడిగాను. లెక్క పెడితే పని చెయ్యలేం అంది.

కోపెన్‌హాగెన్ వెధవ ఎవడైనా అవుతాడనుకున్నాను, మన పాలబ్బాయివే అయ్యావు అంది.

తర్వాత పెట్టెను మళ్ళీ నిలబెట్టించి, ఇంతకీ పైన ఎక్కడ వేశావో చూపించు అంది.

చూపించాను. అక్కడ వేలు రెండుసార్లు నడిపింది. ఇంకొకసారి నడపబోయి ఆపేసింది. వేళ్ళు మొద్దుబారాయో, నన్ను వదిలేసిందో అడగలేదు.

కేక్ ఏదీ అంది.

జూన్ 1, శనివారం

డాగ్నీ మేనకోడలి మొగుడు ఫ్లెమింగ్ ట్రైలర్ తెచ్చాడు. పెట్టెల్ని దుప్పటి మీద తలకిందులుగా పెట్టి, ఇంకో దుప్పటి కప్పాడు. డాగ్నీ కారు దిగి వచ్చింది. దుప్పటి మూల ఎత్తి బీచ్ ముక్కను తట్టి, మళ్ళీ కప్పింది. త్వరగా పోనీ, నాలుగింటికి వాన అని రేడియోలో చెప్పారు అంది. వెళ్ళిపోయారు.

నాలుగూ పదికి పడింది.