గోడమీదాయనకు కూడా చెప్పాను

ఇంటి యజమానురాలికి,

నీ ఇంటి కాపలాదారు ఆశీస్సులతో రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, వంటింటి కిటికీలో పిల్లీ, గోడమీదాయనా. మొదటి ఇద్దరం వేళకు తింటున్నాం. మూడో ఆయన క్షేమానికి ఎలాగూ ఢోకా లేదు. ఆసుపత్రి దగ్గర మీ అక్కయ్య ఇంట్లో నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని అడిగావు. ఫోనైతే నీ చెవి పక్కన మీ అక్కయ్య చెవి కూడా ఉంటుంది. ఉత్తరమైతే ఆవిడ చించదు, మర్యాదస్తురాలు. ఆవిరి పట్టించి విప్పితే మాత్రం నేనేం చెయ్యలేను.

కుళాయి కారడం ఆగిందా అన్నావు. ఆగింది. కళ్ళద్దాలు మార్పించానా అన్నావు. లేదు. డాక్టరమ్మ నీ పక్క ఖాళీ కుర్చీ చూపించి "మీవారేరీ?" అంటే, షాపులో పని ఎక్కువని చెప్పావట. ఆ కుర్చీ సంగతికి తర్వాత వస్తాను.

ఇక అసలుది. గర్భసంచి వెనక్కి వంగి ఉందన్నారనీ, మనం కలిసినప్పుడు నీకు లోపల అంత నొప్పి దానివల్ల కావచ్చన్నారనీ నువ్వు రాస్తే, "వంగితే నిలబెట్టించెయ్" అని నేను ఒక్క ముక్కలో జవాబు పడేశాను. దానికి నువ్వు, "అయితే ఆపరేషన్‌కి సరేననమంటారా? మీ కోసం చేయించుకుంటాను" అన్నావు.

ఆ "మీ కోసం" చదివాక కంచం పక్కకు జరిపేశాను. జీవితమంతా పటాలు కట్టినవాణ్ణి, వంకరగా ఏది కనిపించినా చెయ్యి ఊరుకోదు. ఓసారి బ్యాంకులో గోడగడియారం సర్దబోతే కాపలా అతను రెక్క పట్టుకున్నాడు. "ఏం తాతా, గడియారం కొట్టేద్దామనా?" అన్నాడు. "కాదు నాయనా, తిన్నగా పెడదామని" అంటే నమ్మడే! మేనేజరు వచ్చి విడిపించాడు. నీకు రాసిన ముక్క కూడా ఆ చేతి జబ్బే. దాన్ని కొట్టెయ్.

నువ్వు పంపిన కాగితాలు భూతద్దం పెట్టి చదివాను. చాలామంది ఆడవాళ్ళకు అలా వెనక్కి వంగే ఉంటుందట, అది జబ్బే కాదట. నొప్పికి చాలాసార్లు కారణం వేరే ఉంటుందట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరగడమో, పేగుకీ దానికీ అతుకులు పడడమో, గడ్డలో. ముందు పరీక్ష చేసి, స్కాన్ తీసి అది వెతకాలి. దొరికితే దానికి మందులున్నాయి. కండరాలు వదులయ్యే వ్యాయామాలున్నాయి, లోపల ఆసరాగా పెట్టే రింగు ఉంది. పడుకునే తీరు మార్చుకుంటే కొందరికి అదే చాలట. నొప్పి అనగానే ఆగిపోవడం అన్నిటికంటే ముందట. కత్తి అన్నిటికంటే చివర.

పటాలవాడికి ఇది ముందే తట్టొద్దూ? ఎత్తులో పెట్టే పెద్ద పటాన్ని మేమే కాస్త ముందుకు వంచి కడతాం. అది తప్పు కాదు, దాని తీరు. పటం గోడని గీరుతుంటే వెనకాల ఏం తగులుతోందో చూస్తాం గానీ గోడ పగలగొట్టం. కాబట్టి నా కోసం ఏ ఆపరేషనూ వద్దు. స్కాన్ చూశాక డాక్టరమ్మ అవసరమంటే, నీకు సరేననిపిస్తే, నీ కోసం చేయించుకో.

ఇప్పుడు కుర్చీ సంగతి. నువ్వు మొదటిసారి డాక్టరమ్మ దగ్గరికెళ్ళిన గురువారం నేనూ వచ్చాను.

సంచీ నిండా కమలాపళ్ళతో ఆసుపత్రి వరండా దాకా వచ్చాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. నీ చేతిలో గులాబీరంగు ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ. దాన్ని అటూ ఇటూ వంచి, "ఇంతలేదు, ఇదా అండీ ఇంత గొడవ చేస్తోంది!" అని పగలబడి నవ్వుతున్నావు. డాక్టరమ్మా నవ్వుతోంది. ఆ నవ్వు మనింట్లో నేనెప్పుడూ వినలేదు. పెళ్ళయిన రెండేళ్ళలో నాకు చెప్పని మాట ఆవిడకు అరగంటలో చెప్పేశావు. కుళ్ళుకోవడానికి కూడా నాకు ఒక మగాడు దొరకలేదు చూడు! వెనక్కి తిరిగి బస్సెక్కాను. పళ్ళన్నీ దారిలో నేనే తిన్నాను. పుల్లగా ఉన్నాయి.

మగాడు లేడని కాదులే, గోడమీద ఉన్నాడు. పోయిన నీ మొదటి భర్త ఫోటో నువ్వు నా షాపుకి తెస్తేనే కదా మనకు పరిచయం! నా ప్రత్యర్థికి టేకు చట్రం నా చేత్తోనే కట్టాను. రాత్రి పెదవి కొరుక్కుని నువ్వు అటు తిరిగినప్పుడల్లా అటువైపు ఆయనే. నీ మనసు అక్కడే ఉందనుకున్నాను. నువ్వు ఊరెళ్ళిన రోజు ఆ పటాన్ని వేలితో ఒక్క పోటు పొడిచి, వంకరగా అలాగే వదిలేశాను. నా చెయ్యి సర్దకుండా వదిలిన వంకర అదొక్కటే.

నీ ఉత్తరం చివర రాశావు. "ఆయనతోనూ ఇంతే బాధ. ఉన్నన్నాళ్ళూ ఆయనకి చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను."

దాచను, ముందు గెలిచాననిపించింది. అరవై దాటినవాణ్ణి, పోయిన మనిషి మీద గెలిచి టీ పెట్టుకున్నాను. సగం తాగాక తలెత్తి చూశాను. పాపం, ఆయనా నాలాగే అనుకుని ఉంటాడు, దీనికి నేనంటే ఇష్టం లేదని. అలా అనుకుంటూనే పోయాడు.

స్టూలెక్కి పటం సర్దాను. "ఏమండీ, ఆవిడకి మనమంటే ఇష్టం లేక కాదట. నొప్పట" అని చెప్పాను. పైకే చెప్పాను. పిల్లి కూడా వింది.

వచ్చే గురువారం వస్తున్నాను, ఈసారి తలుపు తట్టి. ఆ బొమ్మని నా చేతికి కూడా ఇమ్మను. డాక్టరమ్మ మీద కుళ్ళు పోయిందనుకునేవు, పోలేదు. నువ్వు నా మాటకు అలా ఒక్కసారి నవ్వేదాకా పోదు. కమలాపళ్ళు తెస్తాను, బస్సులో మిగిలితే.

ఇట్లు,
ఖాళీ కుర్చీ తాలూకు
నీ భర్త