నిద్ర చేసిన మూడు రాత్రులు

చింతలకుంట,
వేంపల్లె పోస్టు.
21-3-1956

చిరంజీవి చెల్లెలు సుబ్బరత్నమ్మకు, అక్క నాగలక్ష్మమ్మ దీవించి రాయడమేమంటే, ఇక్కడ అత్తా, మీ బావా, నేనూ, ఎద్దులు రెండూ క్షేమం. కడపలో నువ్వూ నీ చదువూ క్షేమమని తలుస్తాను.

ముందుగా నా రాతను మన్నించు. నాలుగో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. వరుసలు బెదిరిన ఎద్దు దున్నిన సాళ్ళలాగా వంకర పోతున్నాయి. వత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో నాకు ఎప్పుడూ సందేహమే. మీ బావ ఎనిమిది చదివినవారు కదా, కవరులో పెట్టే ముందు చదివి తప్పులు దిద్దుతానన్నారు. కాబట్టి నీ చేతికి వచ్చేసరికి బాగానే ఉంటుంది.

ఇక్కడి సంగతులు. బావిలో నీళ్ళు అడుక్కు పోయినాయి. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడడం పొద్దెక్కక ముందే ఆపేస్తున్నారు. ఎర్ర ఎద్దుకు మెడ మీద పుండు పడితే వేపనూనె పూస్తున్నాము. మానుతోంది.

నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టని సంగతి నీకు తెలుసు. కార్తీకంలో మొదలయింది, ఇప్పటికీ అంతే. పడుకుంటాను. కండ్లు మూసుకుంటాను. మూసిన కండ్ల లోపల ఇంకొక జత కండ్లు తెరుచుకొని ఉన్నట్లుంటుంది. బాధ ఏమీ లేదు. చాలాసేపు మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కానట్లు ఉంటుందే, మనిషంతా అట్లా ఉంటుంది. మొన్న పెనం తగిలి వేలు కాలింది. వాసన వచ్చినాక చూసుకున్నాను.

నా పడక గవాక్షి కిందనే. పొగ పోవడానికి మిద్దెకు వదిలిన ఆ చదరంలో ఒక చుక్క ఈ అంచున కనబడి ఆ అంచున దాటిపోయే లోపల ఊళ్ళో ఏ కుక్క ఎన్నిసార్లు మొరిగిందో నన్నడిగితే చెప్పగలను.

అత్త ఊరికే ఉండలేదు. గసగసాలు నూరి పాలలో కలిపి ఇచ్చింది. తలకింద కొడవలి పెట్టింది. అరికాళ్ళకు ఆముదం పట్టించింది. ఆముదం కాళ్ళతో లేచి వాకిట్లోకి పోతే జారి పడినాను, అది తప్ప దాని గుణం ఏమీ కనబడలేదు. “ఏమ్మే లచ్చిమీ, రాత్రంతా కండ్లు తెరుచుకోని ఏం కాపలా కాస్తాండావు? దొంగలు పడేంత ఈ ఇంట్లో ఏముండాది?” అని అడిగింది. నేను నవ్వినాను.

మీ బావ మాత్రం ఎక్కాలు చెప్పుకో అన్నారు. “బళ్ళో నాకు ఎక్కం మొదలుపెడితే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. అయ్యవారు బెత్తం తీసేదాకా లేసేవాణ్ణి కాదు” అన్నారు. చెప్పుకున్నాను. పన్నెండో ఎక్కం దాకా వచ్చి ఆగిపోతాను. పదమూడు నేర్పే వేళకు మన అమ్మ పోయింది, నేను బడి మానినాను. నీకప్పుడు రెండేళ్ళు. అందుకని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాను.

ఇక అసలు సంగతి. నా పెళ్ళై ఏడేండ్లు నిండినాయి, కడుపు పండలేదు. అత్త కార్తీకంలో మన నాయనను పిలిపించి, నిన్ను మీ బావకు రెండో పెళ్ళికి ఇమ్మని అడగడమూ, నాయన ఆ మాట నీకు రాయడమూ అందరికీ తెలిసినదే. అడిగినందుకు అత్తను తప్పు పట్టను. “ఎవరో ఒకదాన్ని తెచ్చి నీ నెత్తిన కూచోబెట్టే దానికంటే నీ చెల్లెలైతే నీకే అండ కదమ్మే” అన్నది. మనసులో ఉన్నదే అన్నది. నాయన ఆలోచించి చెప్తానని పోయినారు. ఆలోచించడానికి మూడు నెలలు పట్టింది, సరే అనబోతున్నారని పోయిన నెలలో తెలిసింది. అప్పుడు అత్త “ఆఖరుకు ఒకసారి కోనమ్మ కాడికి పోయి వద్దాం, తర్వాత నా మీద మాట రాకూడదు” అన్నది.

కోనమ్మ గుడిలో పిల్లలు లేని ఆడవాళ్ళు మూడు రాత్రులు నిద్ర చేస్తారు. గుండంలో మునిగి తడిచీరతోనే అమ్మవారి ఎదుట బండల మీద బోర్లా పడుకోవాలి. కలలో పండు కనబడితే సంతానం. పువ్వు కనబడితే ఇంకోసారి రావాలి. మూడు రాత్రులూ ఏమీ కనబడకుంటే ఇక ఆశ లేదు. పండు కనబడిన వాళ్ళ ఇంట్లో ఏడాది దాకా మారుపెళ్ళి మాట ఎత్తకూడదని అక్కడి కట్టుబాటు. ఎత్తితే అమ్మవారికి కోపమట.

పోయిన శుక్రవారం బండి కట్టుకొని పోయినాము. దారి పొడుగునా అత్త దిగులు ఒకటే. “నిద్రే రానిదానికి కల యాడ వస్తాది? బాయి లేనోడు కపిల కట్టినట్ల ఉండాది మన యవ్వారం” అన్నది. మీ బావ బండి కాడ కొండ కిందనే ఉండిపోయినారు. మొగవాళ్ళు పైకి రాకూడదు.

శుక్రవారం, శనివారం, ఆదివారం, మూడు రాత్రులూ నియమం తప్పకుండా నిద్ర చేసినాను. గుడిని చూసుకునే ఆమె పేరు గిడ్డమ్మ. బాగా ముసలిది. తెల్లవారేసరికి వచ్చి “ఏం కనపడింది తల్లీ?” అని అడుగుతుంది. శనివారం ఏమీ లేదన్నాను. ఆదివారమూ ఏమీ లేదన్నాను. ఆ పొద్దు అత్త గుండం మెట్ల మీద కూర్చొని సద్ది మూట విప్పనే లేదు.

సోమవారం తెల్లవారి నేను గిడ్డమ్మకు చెప్పింది ఇది. నాలుగైదేండ్ల ఆడపిల్ల, ఆకుపచ్చ పావడా, మోకాలి మీద ఎండిన పొక్కు, ఒక జడ ఊడిపోయి ఉంది. నా దగ్గరికి వచ్చి ఒళ్ళో ఒక సీతాఫలం పెట్టింది. పెట్టి, నా చెవితమ్మె పట్టుకొని అట్లే నిలబడింది.

గిడ్డమ్మ గంట కొట్టింది. అక్కడున్న ఆడవాళ్ళందరూ చేరినారు. అమ్మవారే బాలగా వచ్చిందన్నారు. “చెవి పట్టుకునిందంటే నీ మొర ఆయమ్మ చెవిన పడిందనే” అని ఒకామె అన్నది. గిడ్డమ్మ నా చేతికి పసుపు దారం కట్టింది. అత్త నా తల నిమిరింది. ఏడేండ్లలో అదే మొదటిసారి. తిరుగుదారిలో మీ బావ ఎద్దుల తోకలు ముట్టలేదు. గుంత వచ్చిన చోటల్లా దిగి నడిపించుకుంటూ తెచ్చినారు. మధ్యాహ్నానికి చేరాల్సినవాళ్ళం దీపాలు పెట్టే వేళకు చేరినాము.

నాయనకు మీ బావే జాబు రాసినారు. ఇక నీ పెళ్ళి మాట లేదు. నువ్వు నిమ్మళంగా చదువుకో. తలకు నూనె పెట్టుకో. రాత్రిపూట దీపం కాడ ఎక్కువసేపు కూర్చోవద్దు.

ఇట్లు,
నిన్ను చంకనేసుకొని తిరిగిన అక్క,
నాగలక్ష్మమ్మ

తా. క. పైన ఉన్న పెన్సిలు గీతలు మీ బావవి. ఇక్కడి నుంచి ఉన్న తప్పులు నావి.

ఆయన చదివి, కవరును సంకటి మెతుకుతో అంటించమని ఇచ్చి కపిల కాడికి పోయినారు. అత్త రోటి కాడ ఉంది. తపాలా గాబ్రియేలు వచ్చేలోపల ఇది రాసి అంటించాలి.

రత్నా, పై రాత ఇంకొకసారి చదువు. నిద్ర చేసినాను అని రాసినాను. నిద్రపోయినాను అని రాయలేదు. కల వచ్చిందని రాయలేదు. గిడ్డమ్మకు చెప్పింది ఇది అని రాసినాను. మీ బావ పదకొండు వత్తులు దిద్దినారు. ఇది ఆయన కంటికి ఆనలేదు.

మూడు రాత్రులూ నాకు రెప్ప పడలేదు. చెంప బండకు ఆనించి దీపం వైపు చూస్తూ ఉన్నాను. చలి కూడా తెలియలేదు. మూడో రాత్రి కోడి కూసే ముందు గడప అవతల అత్త మొక్కుకోవడం వినబడింది. “తల్లీ, దీని కడుపునన్నా ఇయ్యి, ల్యాకుంటే ఆ చిన్నదాని కడుపునన్నా ఇయ్యి” అని. చిన్నది అంటే నువ్వు. గిడ్డమ్మ వచ్చి అడిగేసరికి నా నోరు దానంతట అదే చెప్పింది.

ఆ పిల్ల ఎవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా చెవితమ్మె పట్టుకోకుంటే నిద్రపోనిది ఇంకెవరు? నాకు చలిజ్వరం వచ్చినప్పుడు ఎక్కడి నుంచో సీతాఫలం తెచ్చి ఒళ్ళో పెట్టినావు. పచ్చిది, రాయిలాగా ఉండింది. తినే వరకూ కదలనని నిలబడినావు. కల అంటూ ఒకటి చెప్పాలంటే నాకు అది తప్ప వేరే తోచలేదు.

దారం కట్టేటప్పుడు గిడ్డమ్మ వంగి నాకు మాత్రం వినబడేటట్లు అన్నది. “దీపానికి నూనె పోయను వచ్చినప్పుడంతా నీ కండ్లు చూసినా తల్లీ. భయపడాకు. ఈ కొండ మీద నిద్రపోయి కలగన్నోళ్ళ కంటే మేలుకోని కలగన్నోళ్ళే శానామంది.” ముడి గట్టిగా వేసింది.

ఇంకొకటి. కార్తీకంలో నాకు నిద్ర పట్టకుండా పోయింది అత్త మాటతో కాదు, నీ జాబుతో. “నువ్వు సరేనంటే చదువు మానుకొని వస్తానక్కా, నీ ఇంట్లో నీ చెప్పుచేతల్లో ఉంటాను” అని రాసినావు. నీకు మొగుడినీ, నాకు సవతినీ ఒక్క వరుసలో రాసేసినావు, ఒక్క తప్పు లేకుండా. చదివి నాకు కోపం రావాలి, రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. కొర్రల కుండలో దాచిపెట్టి రోజూ తీసి చదివేదాన్ని. ఈ పొద్దు పొయ్యిలో వేసినాను.

కోనమ్మ పెట్టిన ఏడాది గడువు వచ్చే ఏడు ఈ నెలలోనే తీరుతుంది. నీ ఆఖరు పరీక్షలు ఆలోపలే అయిపోతాయి. అయిన మరునాడే ఉద్యోగానికి అర్జీ పెట్టు. రాయచోటి అయినా సరే, ఆత్మకూరు అయినా సరే, ఎంత దూరమైతే అంత మంచిది. మళ్ళీ ఎవరు అడిగినా, నేనే అడిగినట్లు ఎవరు రాసినా, రావద్దు. తర్వాత ఈ ఇంటికి ఎవరో ఒక పిల్ల వస్తుంది. రానీ. ఆ పిల్లకు నిద్ర పట్టకుంటే గసగసాలు నేనే నూరిస్తాను. నువ్వు కాకుంటే చాలు.

ఇప్పుడైనా నిద్ర వస్తోందా అక్కా అని అడుగుతావు. రాలేదు. కొండ నుంచి వచ్చినాక అత్త గురక పెట్టి నిద్రపోతోంది. మీ బావా అంతే. ఇద్దరి గురకా వింటూ పడుకుంటాను.

గాబ్రియేలు గంట వినబడుతోంది. దీన్ని ఎవరికీ చూపించకు. చదివినాక హాస్టలు పొయ్యిలో వేసి, పూర్తిగా బూడిద అయ్యేదాకా దగ్గరే ఉండు. తర్వాత పోయి పడుకో. మన ఇద్దరిలో ఒకరైనా నిద్రపోవాలి.