భూపాలపల్లిలో ఇంకో ఓదెలు

జఫర్‌గఢ్,
12-6-1971

ప్రియమైన రాజమణి అక్కకు,

ఇంట్లో అందరం క్షేమం, నా పేరు ఒక్కటే క్షేమంగా లేదు. ఉద్యోగానికి పేరు రాయించుకుందామని వరంగల్లు ఉపాధి ఆఫీసుకు పోతే గుమాస్తా రిజిస్టరు తిప్పి, "నీకు నిరుడే నౌకరి అయింది గదా. భూపాలపల్లిల చేస్తున్నవు, మల్ల గిదేంది?" అన్నాడు. పేరు నాది, తండ్రి పేరు మన నాయినది, పది పాసైన సర్టిఫికెట్టు నంబరూ నాదే.

రెండేళ్ల కింద, ఈ ప్రాంతం వాడినని ముల్కీ కాగితం తీసుకొస్తానని ఆ సర్టిఫికెట్టు వెంకట్రాజం బావే పట్టుకెళ్లాడు. తెలంగాణ ఊరేగింపు మీద జరిగిన లాఠీచార్జీలో జారిపోయిందన్నాడు. ఏ కోస్తావాడికో దొరికి ఉంటుంది. గొంతు చించుకున్నది మనం, కుర్చీ ఎక్కింది వాడు. వచ్చే ఏడు నాకు నౌకరి వయసు దాటుతుంది. ఆ లాఠీచార్జీ అప్పుడు పక్కన ఎవరున్నారో బావను అడుగు.

నీ తమ్ముడు,
ఓదెలు

మానుకోట,
28-6-1971

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను. అన్నం సగంలో చేయి కడుక్కున్నాడు. "పోయింది పోయింది. నకలు తీసుకొమ్మను. ఠాణాదాక పోతే ఉన్న పరువు పోతది" అన్నాడు.

అడవి కంట్రాక్టరు దగ్గర పని కదా, నెలకోసారే వస్తాడు. డబ్బు మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా పంపుతాడు. కంట్రాక్టరు అంత సత్యహరిశ్చంద్రుడా అని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. అడ్రసు అడిగితే, అడవిలో అడ్రసేముంటది అంటాడు. జర ఓపిక పట్టు.

ఆశీస్సులతో,
అక్క

జఫర్‌గఢ్,
10-7-1971

ప్రియమైన అక్కా,

మా హెడ్మాస్టరు రాజలింగు సారును కలిశాను. "ఉత్త నకలు తీసుకొని ఊకుంటే దొంగకు నువ్వే దారి ఇచ్చినట్లు. ముందుగాల ఠాణాల దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకో. పరీక్షల బోర్డుకు, గా భూపాలపల్లి ఆఫీసు పెద్దకు రిజిస్టరు పోస్టుల రాయి. బడి రిజిస్టరుల నీ పుట్టుమచ్చలున్నయి, నేను సంతకం పెట్టి ఇస్త" అన్నాడు. జనగామ వకీలు నర్సింగరావు గారు ఇంకొకటి చెప్పారు. కుర్చీలో ఉన్నవాడు ఓదెలు కాడని చెప్పే సాక్షి కావాలట.

అక్కా, ఒకటి అడుగుతాను, తిట్టకు. బావ కంట్రాక్టరు పేరేంది?

నీ ఓదెలు

మానుకోట,
2-8-1971

నా తమ్ముడు ఓదెలుకు,

మూడు రోజులు నిన్ను తిట్టుకున్నాను. నాలుగో రోజు భూపాలపల్లి బస్సెక్కాను.

ఆఫీసు వరండా ఊడ్చే యాకమ్మ ఎవరు కావాలని అడిగింది. కిటికీలోంచి కనబడుతున్నది మీ బావే. మొగుడి పేరు నోటితో ఎట్లా చెప్పను? వేలు చూపి, ఆయన ఇంటిదాన్ని అన్నాను. ఆమె లోపలికి కేకేసింది. "ఓదెలు సారూ, మీ ఇంటామె వచ్చింది."

చంకనెత్తుకొని పెంచిన నీకు నన్ను పెళ్లాన్ని చేశారు తమ్ముడూ. భూమి చీలితే బాగుండుననిపించింది. బయటివాడు బయటివాడని ఇన్నాళ్లు ఎవరినో తిట్టాం. మీ బావ బయటికి వచ్చి, "ఏడో తరగతి చదివినోనికి ఎవడిస్తడు నౌకరి? పిల్లల కోసమే చేసిన. ఇంటికి పో" అన్నాడు.

పోలేదు. జనగామలో దిగి వకీలు గారి దగ్గర సాక్ష్యం రాయించాను, కాగితం ఇందులో ఉంది. రేపే ఠాణాకు పో. నా సంసారం ఏమైతదో అని ఆగావంటే నా గడప తొక్కకు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన పేరు నా నోట రాలేదు. వకీలు ముందు మొదటిసారి చెప్పాను. ఆ కుర్చీలో ఉన్నది వెంకట్రాజం, నా భర్త. ఓదెలు నా తమ్ముడు.

నీ అక్క,
రాజమణి